ఏసీసీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు: అలారం పెట్టినా సగం ఆట తప్పిపోతుంటే

ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) అంటే అమెరికా విశ్వవిద్యాలయ జట్ల లీగు, దాని టోర్నమెంటు మార్చిలో జరుగుతుంది. మీరు అమెరికా తూర్పు తీర సమయానికి పదిన్నర గంటలు కలిపి హైదరాబాదులో అలారం పెట్టినా ఆట సగం అయిపోవడానికి కారణం, అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరపడమే. ఆ రోజు నుంచి తేడా తొమ్మిదిన్నర గంటలే.

1. అక్కడి సమయాన్ని మన సమయంలోకి మార్చి చూసేటప్పుడు ‘ఈఎస్‌టీ’ని కాక న్యూయార్క్ నగరాన్ని ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే: ఈఎస్‌టీ అంటే తూర్పు తీరపు చలికాలపు సమయం, అది మారదు, నగరాన్ని ఎంచుకుంటే మార్పు దానంతటదే లెక్కలోకి వస్తుంది.

2. తేదీ కూడా చూసుకోండి. పదో సీడ్ (టోర్నమెంటు ర్యాంకు) ఎన్‌సీ స్టేట్ (నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం) జట్టు అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు నెగ్గి కప్పు గెలిచిన 2024 ఫైనల్ అక్కడ మార్చి 16 రాత్రి 8.30కి, ఇక్కడ 17 ఉదయం 6 గంటలకు.

3. ఒకే పూట రెండు మ్యాచ్‌లుంటే, మొదటిది ముగిశాకే రెండోది, కాబట్టి దాని సమయం కాస్త వెనక్కి జరగవచ్చు.