నిమ్మతోటే ఉద్యానవనమైన చోట: సిసిలీ తోటలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇటలీ యాత్రలో భాగంగా సిసిలీ దీవికి వెళ్ళాం. అగ్రిజెంటోలో గ్రీకు ఆలయాలు చూశాక, ‘ప్రాచీన ఉద్యానవనం’ చూపిస్తామంటూ పక్కనే ఉన్న లోయలోకి తీసుకువెళ్ళారు. తీరా చూస్తే నారింజ, నిమ్మ, ఆలివ్, బాదం చెట్లూ, వాటి మధ్య పిల్లకాలువలూ తప్ప పూలమొక్కలూ పచ్చికా ఏమీ లేవు. పండ్లతోటను వారసత్వ సంపదగా కాపాడటం ఏమిటి?

జవాబు: మీరు చూసినది కొలింబెత్ర. మిమ్మల్ని తికమకపెట్టింది ‘ఉద్యానవనం’ అన్న పెద్ద మాటే కావచ్చు; ‘తోట’ అని ఉంటే ఈ సందేహం వచ్చేది కాదేమో. మనకు పూలతోటా తోటే, కొబ్బరితోటా తోటే. సిసిలీవాసుల వాడుకలోనూ అంతే: ‘జార్దీను’ అనగానే అక్కడి రైతుకు ముందుగా తట్టేది నిమ్మ, నారింజ తోట. వేసవిలో నెలల తరబడి వాన చుక్క రాలని నేలలో నీటి వసతి ఉన్న చోటే పచ్చదనం ఉంటుంది కాబట్టి, అందమూ ఆదాయమూ అక్కడ ఒకే గట్టు లోపల పెరిగాయి.

ఆ లోయ చరిత్ర నీటితోనే మొదలైంది. క్రీ.పూ. 480లో హిమెరా యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా నగరమైన కార్తేజ్ సేనలు గ్రీకుల చేతిలో ఓడిపోయాక, చేజిక్కిన బందీల చేత అక్రగాస్ నగరం, అంటే నేటి అగ్రిజెంటో, రాతిని తొలిపించి భూగర్భ కాలువలనూ ఒక పెద్ద కొలనునూ నిర్మించుకుందని గ్రీకు చరిత్రకారుడు డియొడోరస్ రాశాడు. కొలను కాలక్రమంలో పూడిపోయింది, పూడిన చోటే సారవంతమైన తోట వెలిసింది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పట్టించుకునేవారు లేక అదీ ముళ్ళపొదల పాలైంది. 1999లో సిసిలీ ప్రాంతీయ ప్రభుత్వం దాన్ని ‘ఫాయ్’ అనే జాతీయ వారసత్వ సంస్థకు అప్పగించడంతో, దాదాపు ఐదు హెక్టార్ల ఆ తోట మళ్ళీ సాగులోకి వచ్చింది.

సొరంగాల నుంచి ఊరే నీరు ఇప్పటికీ ఆ చెట్లకు పారుతోంది. నీళ్ళు కట్టే విధానాన్ని గమనిస్తే వారసత్వం అన్న మాట ఎందుకు వాడారో బోధపడుతుంది. ప్రతి చెట్టు చుట్టూ మట్టిగట్టుతో పాదు చేసి ఉంటుంది. నీళ్ళు కట్టే మనిషి పారతో గట్టును ఒకచోట తెగ్గొట్టి, పాదు నిండగానే అదే మట్టితో గండి పూడ్చి, నీటిని పక్క చెట్టుకు మళ్ళిస్తాడు. ఈ పనికి వాడే మాటలు చాలావరకు అరబ్బీవి. నీటి తొట్టిని ‘జెబ్బియా’ (అరబ్బీలో జాబియా) అనీ, పిల్లకాలువను ‘సాయా’ (సాకియా) అనీ, నిమ్మజాతి పూవును ‘జాగరా’ (జహర్) అనీ అంటారు. 9వ శతాబ్దంలో వచ్చిన అరబ్బు పాలకులు 11వ శతాబ్దంలో అధికారం కోల్పోయినా, వారి మాటలు మాత్రం తోటమాలి నాలుక మీద నిలిచిపోయాయి. ఇంకొక ముచ్చట: అరబ్బులు తెచ్చిన చేదు నారింజ పేరు ‘నారంజ్’, మన ‘నారింజ’కూ ఇటాలియన్ ‘అరాంచా’కూ అది చుట్టమే. తీపి నారింజకు ప్రాచుర్యం తెచ్చినవారు పోర్చుగీసులు గనుక, సిసిలీవాసులు దాన్ని పోర్చుగల్ పేరు మీదుగా ‘పార్తువాల్లు’ అంటారు.

ప్రశ్న: అరబ్బుల కాలం నాటి తోటలు పలెర్మో నగరంలో ఇంకా మిగిలి ఉన్నాయా?

జవాబు: చెట్లు మిగలలేదు, కట్టడాలు కొన్ని మిగిలాయి. అవి కూడా ఎక్కువగా అరబ్బులు కట్టించినవి కావు. ఉత్తర ఫ్రాన్సు నుంచి వచ్చి 1072లో పలెర్మోను గెలుచుకున్న నార్మన్ల వంశానికి చెందిన రాజులు, అరబ్బు సంప్రదాయం తెలిసిన పనివారి చేత కట్టించుకున్నవి. నగరం వెలుపల ఆ రాజులు పెంచిన వేట వనానికి ‘జెనోఅర్ద్’ అని పేరు. ‘జన్నత్ అల్ అర్ద్’, అంటే భూలోక స్వర్గం, అన్న అరబ్బీ పదబంధం నుంచి వచ్చిందది. అందులోని విహార భవనమే జీజా. 1165 ప్రాంతంలో మొదటి విలియం మొదలుపెట్టగా అతని కుమారుడు రెండవ విలియం పూర్తి చేశాడు. దాని నడిమి గదిలో గోడ నుంచి వెలువడిన నీరు ఏటవాలు చలువరాతి పలక మీదుగా జారి, నేలలోని సన్నని కాలువ గుండా బయటి కొలనుకు చేరేది. ఆ తేమ మీదుగా వచ్చే గాలి గదిని చల్లబరిచేది. జీజాతో సహా తొమ్మిది కట్టడాలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ జాబితాలో పలెర్మోలోని మరో రాజవిహారమైన మరేదోల్చే భవనానికి చోటు దక్కకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది. తోట ఆత్మను పట్టుకోవాలంటే చూడవలసినది అదే. ఒకప్పుడు ఆనకట్టతో నిలిపిన సరస్సు మూడు వైపులా ఆ భవనాన్ని చుట్టుకొని ఉండేది, సరస్సు నడుమ ఒక దీవి ఉండేది. ఇప్పుడు నీరు లేదు. ఎండిన అడుగున నిమ్మజాతి చెట్లు పెరుగుతున్నాయి.

మిగిలిన కథ అంత ఆహ్లాదకరమైనది కాదు. పలెర్మో చుట్టూ కొండల నడుమ ఉన్న మైదానాన్ని నిమ్మతోటల కారణంగానే ‘కోంకా దోరో’, అంటే బంగారు చిప్ప, అని పిలిచేవారు. 19వ శతాబ్దంలో నిమ్మకాయల ఎగుమతి లాభసాటిగా మారినప్పుడు, తోటకు కాపలా కాసేవారూ నీటి వాటాలను శాసించేవారూ బలవంతులయ్యారు. కాపుకు వచ్చేదాకా ఏళ్ళ తరబడి పెట్టుబడి మింగే చెట్టును ఒక్క రాత్రిలో నరికివేయవచ్చు కాబట్టి, యజమాని వారి మాట వినక తప్పేది కాదు. మాఫియా తొలి వేళ్ళను చరిత్రకారులు ఈ తోటల్లోనే వెతకడం అందువల్లనే. 1950ల నుంచి 1970ల దాకా సాగిన విచ్చలవిడి నిర్మాణాల్లో ఈ మైదానంలో అధికభాగం కాంక్రీటు కింద పోయింది. ఆ కాలాన్ని అక్కడివారు ‘పలెర్మో దోపిడీ’ అనే పిలుస్తారు. నగరం అంచున ఉన్న చాకుల్లి ప్రాంతంలో మాత్రం, ఆలస్యంగా పక్వానికి వచ్చే ఒక రకం కమలాపండు తోటలు ఇంకా నిలిచి ఉన్నాయి.

ప్రశ్న: పాంతెల్లేరియా దీవిలో ఒక్క చెట్టు కోసం గుండ్రని రాతిగోడ కడతారట. నిజమేనా?

జవాబు: నిజమే. సిసిలీకీ ట్యునీషియాకూ మధ్యనున్న ఆ అగ్నిపర్వత దీవిలో చెప్పుకోదగ్గ మంచినీటి వనరులు లేవు, గాలి మాత్రం తెరిపి ఇవ్వదు. సున్నం, మట్టి వాడకుండా నల్లరాళ్ళను పేర్చి, ఒక్కొక్కచోట నాలుగు మీటర్ల ఎత్తు వరకు గోడ లేపి, లోపల ఒక నారింజ చెట్టును పెంచుతారు. గోడ గాలిని ఆపుతుంది, నీడ తేమను నిలుపుతుంది, రాత్రివేళ రాళ్ళ మీద చేరిన మంచు లోపలి నేలకు దిగుతుంది. బయటి నుంచి చూస్తే కోట బురుజులా కనిపిస్తుంది. చిన్న ద్వారం గుండా వంగి లోపలికి వెళితే ఉన్నదల్లా ఒక చెట్టు, దాని కాయలు. ఈ విధంగా రాళ్ళను పేర్చి గోడ కట్టే నైపుణ్యాన్ని యునెస్కో 2018లో ఇటలీ సహా ఎనిమిది దేశాల ఉమ్మడి అమూర్త వారసత్వంగా గుర్తించింది.

ప్రశ్న: ఈ తోటలు చూడటానికి ఏ నెల మంచిది?

జవాబు: జాగరా పరిమళం కోసమైతే ఏప్రిల్. పలెర్మోలో ఉన్నన్నాళ్ళలో ఒక పూట 1795లో ప్రారంభమైన వృక్షశాస్త్ర ఉద్యానానికి కేటాయించండి. 1845లో అక్కడ నాటిన ఆస్ట్రేలియా జాతి మర్రి ఊడలు దింపి స్తంభాల మండపంలా విస్తరించింది. ఏప్రిల్‌లో వీలుకాకపోయినా నిరాశ అక్కరలేదు. నిమ్మరైతుల్లో ఒక పాత కిటుకు ఉంది: జూన్, జూలైలలో చెట్టుకు నీళ్ళు ఆపి, ఆకులు వాడే దాకా ఎండగట్టి, ఆ తరువాత ఒక్కసారిగా సమృద్ధిగా నీళ్ళు కడతారు. దాహం తీరిన చెట్టు రెండవసారి పూస్తుంది. ఆ పూత తాలూకు పచ్చని కాయలు మరుసటి వేసవిలో, మామూలు నిమ్మకాయలు దొరకని రోజుల్లో, మంచి ధర పలుకుతాయి. ఆ పద్ధతి పాటించే తోట దొరికితే ఆగస్టు చివర వెళ్ళినా పూల వాసన మీకు దక్కుతుంది.