లంక దివాణంలోకి అడుగుపెట్టబోయే మేనల్లుడికి

ముక్తేశ్వరం

చిరంజీవి మేనల్లుణ్ణి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి సెలవుల్లో అమలాపురంలో మీరు మొదలుపెట్టబోయే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట) కథలో నువ్వు అసాసిన్ (చాటుగా చంపే హంతకుడు) పాత్ర తీసుకున్నావనీ, కథ నడిపే మీ డంజన్ మాస్టర్ గోదావరి గౌతమీ పాయ నడుమ ఒక లంకనూ అందులో ఒక దివాణాన్నీ కల్పించి, దాని యజమానిని మట్టుబెట్టే పని మీకు అప్పగించాడనీ వ్రాశావు. ఒక్క దెబ్బతో పని ముగించాలంటే ఏ ఆయుధం మంచిదని అడిగావు. ఇన్నేళ్లుగా ఈ ఆట ఆడుతున్నవాడిగా చెబుతున్నాను, ఆయుధం సంగతి తరవాత చూసుకోవచ్చు. శత్రువు కంటే ముందు నీ వంతు రావడానికి నీ పాత్రలో ఏముందో మొదట చూసుకో.

మీరు 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాలతో ఆడుతున్నారు కదా. అందులో రోగ్, అంటే దొంగ తరహా పాత్ర, మూడో లెవెల్‌కు చేరాక అసాసిన్ అవుతాడు. అప్పటినుంచి, పోరులో ఇంకా తన వంతు రాని శత్రువు మీద దాడి చేసేటప్పుడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. ఆ శత్రువు ఏమరుపాటున ఉంటే తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే పాచికలు రెట్టింపయ్యే దెబ్బ, అవుతుంది. చిన్న విల్లుకు ఆరు ముఖాల పాచిక ఒకటి, అదను చూసి కొట్టినప్పుడు రోగ్‌కు అదనంగా దక్కే స్నీక్ అటాక్‌కు రెండు, క్రిటికల్ కనుక అవి రెట్టింపై ఆరు, డెక్స్టెరిటీ (చురుకుదనం) వల్ల మరో 3, వెరసి సగటున 24. మామూలు కావలివాడి హిట్ పాయింట్లు, అంటే అతను ఓర్చుకోగల దెబ్బ, 11 మాత్రమే. ఈ లెక్క చూసి మురిసిపోయేవాళ్లు ఇందులోని మెలికను గమనించరు. ఏమరుపాటున ఉన్నవాడు తన మొదటి వంతులో కదలలేడు, ఏమీ చేయలేడు, కానీ ఆ వంతు గడవగానే అతని ఏమరుపాటు పోతుంది. నువ్వు చీకట్లో ఎంత చక్కగా నక్కినా, ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్‌ పాచికలో అతనికి నీకంటే ఎక్కువ పడితే, నీ బాణం చేరేసరికి అతను తేరుకుని ఉంటాడు. నువ్వింకా చాటునే ఉంటే స్నీక్ అటాక్ దక్కుతుంది గాని, రెట్టింపు దక్కదు.

అందుకని పాత్ర ఆరు సామర్థ్యాలకు పంచాల్సిన 15, 14, 13, 12, 10, 8 అనే అంకెల్లో 15ను మరో ఆలోచన లేకుండా డెక్స్టెరిటీకి ఇవ్వు. నీ పాత్ర లైట్‌ఫుట్ హాఫ్లింగ్ అనే పొట్టి జాతివాడు అయితే మరో 2 కలిసి 17 అవుతుంది, పైన లెక్కలో చెప్పిన 3 దాని వల్లే వస్తుంది, పైగా తనకంటే పెద్ద ఆకారం గల స్నేహితుడి వెనక కూడా దాక్కోగలడు. నాలుగో లెవెల్‌లో చాలామంది డెక్స్టెరిటీనే పెంచుకుంటారు. మీ డంజన్ మాస్టర్ ఫీట్లు అనే ప్రత్యేక శక్తులకు ఒప్పుకుంటే నువ్వు అలర్ట్ తీసుకో, ఇనిషియేటివ్‌కు 5 కలుస్తుంది. నైపుణ్యాన్ని రెట్టింపు చేసే ఎక్స్‌పర్టీజ్ రెండింటిలో ఒకటి స్టెల్త్‌కు (కంటపడకుండా మెలగడం), రెండోది పర్సెప్షన్‌కు (పసిగట్టడం) ఇవ్వమని నా సలహా. మూడో లెవెల్‌లో నీ స్టెల్త్ 7 అవుతుంది. కావలివాడి పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే పసిగట్టే శక్తి) 12 గనుక ఇరవై ముఖాల పాచిక మీద 6 పడినా అతన్ని దాటిపోతావు. ఒకవేళ మీవాడు 2024 పుస్తకం పట్టుకొస్తే మాత్రం ఏమరుపాటు నియమమే వేరు. అక్కడ ఏమరిన శత్రువు వంతు పోదు, ఇనిషియేటివ్‌కు రెండు పాచికలు వేసి చిన్నది తీసుకుంటాడు. అందుచేత ఏ పుస్తకమో ముందే అడుగు.

ఇకపోతే మొదటి దెబ్బ తరవాతి సంగతి. కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం నిలబడినప్పుడు విసురువల వేసేవాణ్ణి గమనించు. తన నీడ నీళ్ల మీద పడని వైపు చూసుకుని, వల అంచు మోచేతి మీద వేసుకుని, మోకాలి లోతులో కదలకుండా నిలబడతాడు. ఒక్కసారి విసిరి లాగాక, చేప పడినా పడకపోయినా అక్కడే మళ్లీ విసరడు, పది అడుగులు పక్కకు జరుగుతాడు. రెండో లెవెల్‌లో వచ్చే కన్నింగ్ యాక్షన్ నీకు అలా జరగడానికే ఉంది. బాణం వెయ్యి, గాదె చాటుకో కొబ్బరి దింపుల కుప్ప చాటుకో వెళ్లు, ఒక వంతులో అదనంగా చేయగల బోనస్ యాక్షన్‌తో దాక్కో, తరవాతి వంతులో మరో చోటు నుంచి వెయ్యి. రెండు చేతుల్లో రెండు చిన్న కత్తులు పడితే మొదటిది తప్పినా రెండోదానితో స్నీక్ అటాక్ దక్కించుకోవచ్చు, కాని బోనస్ యాక్షన్ దానికే ఖర్చయి శత్రువు ఎదుట నిలబడిపోతావు. నేను విల్లునే కోరుకుంటాను.

నా మొదటి అసాసిన్‌తో నేను చేసిన తప్పు నీకు చెప్పి తీరాలి. అందరినీ బయట ఉండమని, ఒంటరిగా కోట లోపలికి వెళ్లాను. గంటసేపు నేనూ డంజన్ మాస్టరూ మాత్రమే మాట్లాడుకున్నాం, మిగతా ముగ్గురూ పాచికలు చేతిలో పట్టుకుని మౌనంగా కూర్చున్నారు. లోపల నేను చిక్కుకున్నప్పుడు, నేనెక్కడున్నానో తెలియక వాళ్లు సాయం రాలేకపోయారు. పాత్ర పోయిందన్న బాధ నాకు అంతగా లేదు గాని, వాళ్ల సాయంత్రం పాడుచేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

మీలో గొలుసు కవచం తొడిగే పాలడిన్ (ధర్మవీరుడు) ఉన్నాడన్నావు. ఆ కవచంతో స్టెల్త్‌కు రెండు పాచికల్లో చిన్నదే లెక్క, మీలో ఒక్కరు కంటపడినా కావలివాళ్లు అప్రమత్తమవుతారు. అతన్ని వదిలేసి వెళ్లకు. డ్రూయిడ్‌గా (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) ఆడే అమ్మాయిని పాస్ వితౌట్ ట్రేస్ మంత్రం సిద్ధం చేసుకోమను. ఆమెకు 30 అడుగుల లోపల ఉన్న మీ అందరి స్టెల్త్‌కూ గంటసేపు 10 కలుస్తుంది. లేదా పాలడిన్‌ను పడవలోనే ఉంచి, నీ మొదటి బాణం వెళ్లాక తలుపు దగ్గరికి రమ్మను. ఏ గుర్తుకు అతను కదలాలో ఆట మొదలవకముందే నలుగురూ కూర్చుని నిర్ణయించుకోండి.

భోగి నాటికి నేను అమలాపురం వస్తాను. నీ క్యారెక్టర్ షీటు పెన్సిలుతోనే నింపి ఉంచు, కలిసి చూద్దాం.

ఇట్లు
నీ మామయ్య