అల్యూమినియం మంట గురించి రాస్తున్న అబ్బయ్యకు

అబ్బయ్యా,

వ్యాసం చదివాను. రాకెట్ ఘన ఇంధనంలో లోహం ఎలా మండుతుందో తెలుగులో రాయాలన్న నీ ఆలోచన బాగుంది. నెల్లూరోళ్లం రాకెట్ లేస్తే మిద్దెక్కి చూస్తాం గానీ, అందులో మండేది ఏంటని అడిగేవాళ్లం తక్కువ. కానీ మొదటి వాక్యమే "నిప్పులు చిమ్ముకుంటూ నింగికి" అని మొదలుపెట్టావే, ప్రతి ప్రయోగం మర్నాడూ పేపర్లో అదే ఉంటుంది. తీసెయ్.

"అల్యూమినియం పొడి కలిపితే వేడి పెరిగి థ్రస్ట్ పెరుగుతుంది" అని, అంటే రాకెట్‌ను ముందుకు తోసే బలం పెరుగుతుందని, ఒక్క ముక్కలో తేల్చేశావు. తప్పేం కాదు, కానీ మధ్యలో ఏం జరిగిందో చదివేవాడికి తెలియలేదు. పిడికెడు పొడిని వదిలేసి ఒక్క రేణువును పట్టుకో, దాని వెంటే నాజిల్ దాకా, అంటే వాయువులు బయటికి దూకే మూతి దాకా వెళ్లు.

ఆ రేణువు కొన్ని పదుల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటుంది. అన్నిటినీ పట్టి ఉంచే హెచ్‌టీపీబీ అనే రబ్బరు లాంటి బైండర్‌లో, మంటకు ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పర్‌క్లోరేట్ పలుకుల సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. దాని ఒంటి మీద కొన్ని నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర ఎప్పుడూ ఉంటుంది. లోపలి లోహం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పైపొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అంటే లోపల ద్రవం, పైన గట్టి పెంకు. కరిగిన లోహం వ్యాకోచించి పెంకును పగలగొట్టుకుని బయటికొస్తుంది, పక్క రేణువుల్నీ కలుపుకుంటుంది. అందుకే చాలా రేణువులు కాలే ఉపరితలం మీద విడివిడిగా అంటుకోవు, ముందు ముద్దలవుతాయి. ఒక్కో ముద్ద వంద మైక్రాన్లు దాటొచ్చు కూడా. తర్వాతే వాయువుల ఊపుకు పైకి లేచిపోతుంది.

అసలు మంట అక్కడినుంచి. వేడికి పైపొర కూడా కరిగి ఒక పక్కకు ముడుచుకుని టోపీలా అతుక్కుంటుంది, మిగతా వైపు లోహం ఆవిరవుతుంది, ఆ ఆవిరి బొట్టుకు కాస్త ఎడంగా మండుతుంది. నువ్వు "గాలిలోని ఆక్సిజన్‌తో" అని రాశావు చూడు, అది తప్పు. మోటారు లోపల గాలి ఎక్కడిది? పర్‌క్లోరేట్, బైండర్ కాలగా వచ్చిన నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ నుంచే లోహం ఎక్కువ ఆక్సిజన్ లాక్కుంటుంది. నీటి ఆవిరిలో ఆక్సిజన్ పోతే మిగిలేది హైడ్రోజన్, అంత తేలికైన వాయువు రాకెట్‌కు లాభమే. నీ చిచ్చుబుడ్డి పోలిక ఉంచు, దాని తెల్ల రవ్వల్లోనూ చాలాసార్లు ఇదే లోహం ఉంటుంది, కానీ అవి బయటి గాలిలో కాలుతాయని ఒక ముక్క చేర్చు.

నష్టం గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. కాలాక మిగిలే అల్యూమినా వాయువు కాదు, నాజిల్లో వ్యాకోచించదు, వాయువు కంటే వెనకబడి దాని వేగాన్ని కొంత తినేస్తుంది. పెద్ద బొట్లు కొన్ని మోటారు వెనక భాగంలో చిట్టెంలా పేరుకుంటాయి. మరోపక్క సన్నటి బొట్లు లోపలి ఒత్తిడి ఊగిసలాటను అణుస్తాయి. ఒకే పదార్థం ఇటు చెరుపూ అటు మేలూ చేస్తోంది, ఇక్కడ తీరిగ్గా రెండు పేరాలు రాయి, ఎవరూ విసుక్కోరు.

అల్యూమినియం బదులు వాడొచ్చనే బోరాన్‌కు రెండు వాక్యాలు చాలు. గ్రాముకు అల్యూమినియం కంటే ఎక్కువ వేడినిస్తుంది గానీ, దాని ఆక్సైడ్ 450 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి జిగురు పొరలా పట్టుకుని అంటుకోనివ్వదు. బెరీలియం ఇంకా మెరుగే, కానీ విషం.

అంకెలు తక్కువ వాడు. స్పేస్ షటిల్ బూస్టర్ ఇంధనంలో బరువు ప్రకారం అల్యూమినియం 16 శాతం, పర్‌క్లోరేట్ దాదాపు 70 శాతం. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో ఘన ఇంధనం దాదాపు 139 టన్నులు. ఈ రెండూ చాలు. చైనావాళ్ల బాణాల చరిత్ర పేజీన్నర రాశావు, అది మొత్తం కొట్టెయ్. ఇంకోటి, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట మన నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. మనకి కష్టంగానే ఉంటుందిలే, అయినా సరిచెయ్.

డిగ్రీలు రాసినచోటల్లా సెల్సియసో కెల్వినో చెప్పు. కొన్నిచోట్ల రెండూ కలిపేశావు, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. తిరగరాసి పంపు, టెన్షన్ పడకు, పత్రికకు ఇవ్వడానికి ఇంకా టైముంది.