మారియో లాంటి గేమ్ కోసం కొడుకు చదువు ఆపుతానంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల గుమాస్తగ చేస్తున్న. మా పిల్లగాడు నల్లగొండ దగ్గర కాలేజీల బీటెక్ సీఎస్‌ఈ సెకండియర్. రెండు బ్యాక్‌లాగులున్నయి. మారియో లెక్క పక్కకు ఉరుక్కుంట దుంకే గేమ్ తయారు చేస్తున్నడు. ఏడాది చదువు ఆపి దానిమీదనే కూసుంటనంటుండు. లక్షన్నర లాప్‌టాప్ కొనియ్యాల్నట. లేకుంటే హైదరాబాద్‌ల గేమ్ డిజైన్ కోర్సుల చేర్పియ్యమంటుండు, ఫీజు రెండున్నర లక్షలు. ఆన్‌లైన్ గేమ్స్ సర్కారు బంద్ వెట్టింది గదా, రేపు ఏమన్న కేసులైతయేమోనని ఇంట్ల భయం. గేమ్‌ల బొమ్మలన్నీ ఇంటర్ చదివే మా బిడ్డ గీసిచ్చింది. లింకు పంపుతున్న, ఆడి చూసి చెప్పుండ్రి.

జవాబు: అన్నా, ముందు ఆ కేసుల భయం తీసెయ్యండి. పైసలు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా అలాంటి డబ్బు ఆటలనే ఆపింది. మీవాడు చేసేదాంట్లో పందెం లేదు, పైసలు పెట్టడం లేదు, గెలిస్తే వచ్చేదీ లేదు. బొమ్మల పుస్తకం అమ్మినట్టే అమ్ముకోవచ్చు.

ఇక లింకు. ఆడాను. బస్తా వీపున వేసుకున్న హమాలీ, పేర్చిన వడ్ల బస్తాల మీద నుంచి దూకుతూ మిల్లు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. బస్తా ఉంటే ఎత్తుకు దూకలేడు. దించితే దూకుతాడు గానీ మళ్లీ వెనక్కి వచ్చి ఆ బస్తా తీసుకుపోవాల్సిందే. ఆ ఒక్క ఆలోచన నాకు బాగా నచ్చింది. నాణేలు ఏరడం, ముళ్ల మీద పడి చావడం వంటి మిగతావన్నీ ప్రపంచంలో ప్రతి కుర్రాడి మొదటి గేమ్‌లోనూ ఉండేవే.

ఒక లోపం కూడా కనిపించింది. ఇది మీవాడికి చదివి వినిపించండి. బస్తా అంచు దాకా పరిగెత్తి దూకబోతే చాలాసార్లు హమాలీ దూకకుండా కింద పడిపోతున్నాడు. నేనేమో సమయానికే నొక్కాననుకుంటున్నాను. కంప్యూటర్ లెక్కలో మాత్రం నా వేలు రెప్పపాటు ఆలస్యం. ఇలా దూకుతూ పోయే ఆటలను ప్లాట్‌ఫార్మ్ గేములంటారు. మంచివాటిలో అంచు దాటాక కూడా ఐదారు ఫ్రేముల (తెర మీద వెంట వెంట మారే బొమ్మల) పాటు దూకనిస్తారు. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన అది సెకనులో పదో వంతు. దాన్ని కొయొటీ టైమ్ అంటారు. అలాగే కాలు నేలకు తాకడానికి కాస్త ముందే బటన్ నొక్కినా, ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని తాకగానే దూకిస్తారు. అది జంప్ బఫర్. బటన్ నొక్కి పట్టుకుంటే ఎత్తుకు, తట్టి వదిలేస్తే తక్కువ ఎత్తుకు దూకడం మూడోది. ఇవి ఉన్నాయని ఆడేవాడికి తెలియదు. లేకపోతే మాత్రం ‘కంట్రోల్స్ బాలేవు’ అని మూసేస్తాడు. మీవాడి గేమ్‌లో మూడూ లేవు. ఓ వారం కూర్చుంటే పెట్టగలడు. పెట్టాక మళ్లీ లింకు పంపమనండి.

ఇప్పుడు మార్కెట్ సంగతి, మీరు అసలు అడగాల్సింది ఇదే. కంప్యూటర్ గేములు ఎక్కువగా అమ్ముడుపోయే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్. అక్కడ ఎవరైనా 100 డాలర్లు కట్టి గేమ్ పెట్టొచ్చు. అమ్మకం 1,000 డాలర్లు దాటితే ఆ వంద తిరిగి ఇస్తారు. 2017లో ఈ పద్ధతి వచ్చాక తలుపులు బార్లా తెరుచుకున్నాయి. 2024 ఒక్క ఏడాదిలోనే 18 వేలకు పైగా కొత్త గేములు వచ్చాయి. వాటిలో పక్కకు పరిగెత్తి దూకే రకం కుప్పలు. గోడో అయినా యూనిటీ అయినా గేమ్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకునేవాళ్ల మొదటి పాఠం చాలావరకు ఇదే కాబట్టి, నేర్చుకున్న ప్రతివాడి దగ్గరా ఒకటి తయారుగా ఉంటుంది. కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్లన్నీ ఒకేసారి మిల్లుల ముందు లైను కడితే ధర ఏమవుతుందో మీకు నేను చెప్పాల్నా?

కొనేవాళ్ల వైపు చూస్తే ఇంకో చిక్కు. స్టీమ్‌లో డబ్బు పెట్టేవాళ్లు వందల గంటలు ఆడదగ్గ గేములను ఎక్కువగా వెతుకుతారు. వ్యవసాయం, ఫ్యాక్టరీలు నడిపేవి, అడవిలో బతికి బట్టకట్టేవి, నలుగురు స్నేహితులు కలిసి ఆడేవి, చచ్చిన ప్రతిసారీ దారి మారిపోయేవి. దూకే గేమ్‌లో ప్రతి అడుగూ చేత్తో పేర్చాలి. మీవాడు నెల రోజులు కష్టపడి కట్టిన లెవెల్‌ను ఆడేవాడు పది నిమిషాల్లో దాటేస్తాడు. పైగా కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. గంటన్నరలో అయిపోయే గేమ్ పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లూ ఉంటారు.

పోటీ ఈ ఏటి గేములతోనే కాదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ముగ్గురు నలుగురు కలిసి చేసిన హాలో నైట్ అనే ఇలాంటి దూకే గేమ్ 2017లో వచ్చింది. దాని ధర 15 డాలర్లు, సేల్‌లో సగానికే దొరుకుతుంది, కోటికి పైగా కాపీలు అమ్ముడుపోయింది. మీవాడి ఐదు డాలర్ల గేమ్ పక్కనే అరలో అదీ ఉంటుంది. దాని తరువాతి గేమ్ సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబర్ 4న విడుదలైంది. ఆ తేదీ తెలియగానే కొందరు చిన్న డెవలపర్లు తమ గేముల విడుదలను వెనక్కి జరుపుకున్నారు. వచ్చిన రోజు కొనేవాళ్ల తాకిడికి స్టీమ్ దుకాణమే కాసేపు మొరాయించింది. కాబట్టి ఈ రకానికి గిరాకీ చచ్చిపోలేదు. ఉన్న గిరాకీ అంతా కొద్దిమంది దగ్గరికే పోతోంది.

మీరు గుమాస్తా కదా, లెక్క కూడా చూద్దాం. ఇది ఊహించి వేస్తున్న లెక్క. ఐదు డాలర్ల గేమ్ 500 కాపీలు పోయిందనుకోండి. పేరు లేని మొదటి గేమ్‌కు 500 కూడా చిన్న సంగతి కాదు. డిస్కౌంట్లు, మన దేశంలో పెట్టే తక్కువ ధర, వాపసులు, అక్కడి పన్నులు పోగా కాపీకి సగటున మూడున్నర డాలర్లు మిగులుతాయి. అందులో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది. చేతికొచ్చేది 1,200 డాలర్ల పైచిలుకు, అంటే సుమారు లక్ష రూపాయలు. ఏడాదికి పంచితే నెలకు ఎనిమిది వేల చిల్లర. లాప్‌టాప్‌కు పెట్టిన లక్షన్నర అందులో తేలదు.

ఫోన్‌లో పెడతాననొచ్చు. గూగుల్ ప్లేలో ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతా అయితే 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలన్న నిబంధన ఉంది. ఆ పన్నెండు మంది క్లాసులోనే దొరుకుతారు. కానీ ఫోన్ గేమ్‌ను మనవాళ్లు పైసలిచ్చి కొనరు. ప్రకటనల మీద బతకాలంటే డౌన్‌లోడ్లు లక్షల్లో ఉండాలి. అద్దం మీద బొటనవేలితో సరిగ్గా దూకడం కూడా కష్టమే. అందుకే అటు వెళ్లమనను.

ఇంత చెప్పి గేమ్ మానెయ్యమంటానేమో అనుకుంటున్నారు. లేదు. నేర్చుకోవడానికి దీన్ని మించిన రకం లేదు, ఇల్లు గడవడానికి నమ్ముకుంటేనే ప్రమాదం. గెలిచినవాళ్ల కథలు మీవాడు మీకు చెప్పే ఉంటాడు, వాటి ముందు భాగం కూడా చెప్పమనండి. 2010లో వచ్చిన సూపర్ మీట్ బాయ్ అనే దూకే గేమ్‌కు ముందు 2008లో మీట్ బాయ్ అనే చిన్న ఉచిత ఫ్లాష్ గేమ్ (బ్రౌజర్‌లోనే ఆడేది) ఉంది. 2018 నాటి సెలెస్ట్ అనే మరో దూకే గేమ్ మొదట ఇద్దరు నాలుగు రోజుల్లో చేసిన బుల్లి గేమ్. వాళ్లిద్దరిలో ఒకామె అప్పటికే టవర్‌ఫాల్ అనే గేమ్ అమ్మి నిలదొక్కుకుంది. హాలో నైట్‌కు కూడా 2013లో ఒక గేమ్ జామ్ (కొద్ది రోజుల్లోనే గేమ్ చేసి ముగించే కార్యక్రమం) కోసం హడావుడిగా చేసిన చిన్న గేమే బీజం. చదువు మానేసి మొదటి గేమ్‌నే పెద్దది చేసి బతికినవాళ్లు వీళ్లలో లేరు. చిన్నవి చేశారు, జనం ఆడితే పెంచారు.

మీవాడు కూడా హమాలీ గేమ్‌ను అరగంటలో ముగిసేలా కుదించాలి. ముప్పై లెవెల్స్ కట్టాలన్న ఆలోచన ఇప్పుడే వద్దు, పది చాలు. ఇచ్.ఐఓ (itch.io) అనే సైట్‌లో రుసుము లేకుండా పెట్టొచ్చు. అక్కడ పెట్టి ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడించాలి. హాస్టల్ దోస్తులు ‘సూపర్ మామా’ అంటే లెక్కలోకి రాదు. ఎక్కడ విసుగొచ్చి ఆపారో చూడాలి. జనవరిలో జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌కు వెళ్తే రెండు మూడు రోజుల్లో ఒక గేమ్ మొదలుపెట్టి ముగించడం తెలుస్తుంది. ముగించడమే వీళ్లందరికీ రానిది. అలా రెండు మూడు చిన్నవి పూర్తయి, ఒకదాన్ని బయటివాళ్లు పదే పదే ఆడుతున్నారంటే అప్పుడు స్టీమ్ మాట ఎత్తమనండి. అప్పుడు కూడా విడుదలకు చాలా నెలల ముందే పేజీ తెరిచి విష్‌లిస్టులు (వచ్చాక కొంటామని గుర్తుపెట్టుకునేవాళ్ల జాబితా) పోగుచేయాలి, స్టీమ్ ఏడాదికి మూడుసార్లు జరిపే నెక్స్ట్ ఫెస్ట్ అనే ప్రదర్శనలో డెమో (ఉచితంగా ఆడి చూసే ముక్క) పెట్టాలి. ఒక్కో గేమ్‌కు ఆ అవకాశం ఒక్కసారే. తొందరపడి పాడుచేసుకోవద్దు.

చదువు మాత్రం ఆపొద్దు. ఏడాది ఆగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ చిక్కుల్లో పడుతుంది, కాలేజీతో సర్టిఫికెట్ల పేచీ మొదలవుతుంది. బ్యాక్‌లాగులు రెండూ ముందు కొట్టెయ్యాలి. అవి ఏ సబ్జెక్టులో మీరు రాయలేదు. గణితమో డేటా స్ట్రక్చర్సో అయితే మరీ విడ్డూరం, ఎందుకంటే ఆ హమాలీ దూకడంలో ఉన్నదంతా అదే. సెలవులు, ఆదివారాలు గేమ్‌కు ఇవ్వండి, అడ్డు చెప్పకండి. పరీక్షల నెలలో మాత్రం లాప్‌టాప్‌లో గేమ్ ఫోల్డర్ తెరవకూడదని మాట తీసుకోండి.

లక్షన్నర లాప్‌టాప్ అక్కర్లేదు. ఇలాంటి టూడీ గేమ్‌కు ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలుది చాలు. గోడో ఇంజిన్ పూర్తిగా ఉచితం, రాబడిలో వాటా అడగదు. కాలేజీ కోసం కొన్నది ఇప్పటికే ఉంటే దానితోనే కానివ్వండి.

రెండున్నర లక్షల కోర్సుకు నేను వద్దనే చెబుతాను. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అని బోర్డు రాయడానికి ఖర్చు కాదు. చేర్పించే తీరాలని వాడు పట్టుబడితే, మీరే వెళ్లి గత ఏడాది పూర్తిచేసిన ఐదుగురు పిల్లలు చేసిన గేములు చూపించమని అడగండి. ఆడదగ్గ లింకులు ఇవ్వకుండా ఫోటోలు చూపిస్తే చాయ్ తాగి వచ్చెయ్యండి.

ఉద్యోగం సంగతి అంటారా, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద కంపెనీ స్టూడియో ఉంది, బయటి దేశాల గేములకు పనిచేసి పెట్టే చిన్న స్టూడియోలూ ఉన్నాయి. బెంగళూరు, పుణేలో ఇంకా ఎక్కువ. టెస్టర్‌గా చేరేవాళ్లు ఉంటారు, ప్రోగ్రామర్‌గా తీసుకోవాలంటే డిగ్రీతో పాటు పూర్తయిన గేమ్ అడుగుతారు. ‘అంచు దగ్గర దూకడం ఇలా సరిచేశాను, ముందు ఇట్లుండె, తరువాత ఇట్లయింది’ అని ఇంటర్వ్యూలో ఆడి చూపించేవాడు సర్టిఫికెట్ చూపించేవాడి కంటే ముందుంటాడు. ఈ రంగంలో ఉద్యోగాలు ఊడటం కూడా మామూలే, అది దాచను. అయితే అవే ఇంజిన్ల మీద శిక్షణ సిమ్యులేషన్లు, వీఆర్ (కళ్లకు తొడుక్కుని చూసే తెరల) పనులు కూడా నడుస్తాయి. ఏదీ కుదరకపోతే సీఎస్‌ఈ డిగ్రీతో మామూలు సాఫ్ట్‌వేర్ దారి తెరిచే ఉంటుంది. డిగ్రీ ఆపొద్దని అంత గట్టిగా చెప్పింది అందుకే.

మీరు అడగని మాట ఒకటి. గేమ్ ఆడుతున్నంతసేపూ నా చూపు వెనకాల బొమ్మల మీదికే పోయింది. మిల్లు కిటికీలోంచి పడే ఎండలో ఊక దుమ్ము ఎగిరే తీరు, హమాలీ నడుముకు చుట్టుకున్న తువ్వాలు. మీ అమ్మాయి ఇవన్నీ చూసి గీసింది, ఇంటర్‌నెట్‌లోంచి దించుకోలేదు. వాడి కోడ్‌లాంటిది చాలామంది రాస్తారు. ఈ చెయ్యి అందరికీ ఉండదు. గేమ్ మీద ఆమె పేరు ఉందా అని చూశాను, లేదు. ముందు అది పెట్టమనండి. ఎప్పుడైనా రూపాయి వస్తే అందులో ఆమె వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసుకోమనండి, అన్నాచెల్లెళ్లయినా సరే.

ఆమెది ఎంపీసీనా బైపీసీనా అని మీరు రాయలేదు, ఏదైనా ఫర్వాలేదు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తరువాత బీఎఫ్‌ఏ చేయొచ్చు, అందులో యానిమేషన్ కూడా ఉంది. దానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు పనికిరాదు. డ్రాయింగ్ పరీక్షే ముఖ్యం. ఇప్పటి నుంచే రోజూ ఎదురుగా ఉన్న మనిషిని, వస్తువును చూసి పెన్సిల్‌తో గీస్తూ ఉండమనండి. లాప్‌టాప్ కోసం తీసిపెట్టిన డబ్బులోంచి ఐదారు వేలు ఆమె కాగితాలకు, రంగులకు ఇవ్వండి. ఆమె గీసినవాటిలో ఓ పది ఫోటోలు తీసి, అబ్బాయి సరిచేసిన లింకుతో పాటే నాకు పంపండి.