డిష్‌వాషర్‌లో ఈ24 (E24) ఎర్రర్ కోడ్ కనిపిస్తే ముందు ఏం చూడాలి?

బాష్ డిష్‌వాషర్ మధ్యలో ఆగిపోయి ఈ24 చూపిస్తోంది, అడుగున నీళ్లు నిలిచాయి, మెకానిక్‌ని పిలవాలా అని అడిగారు. తొందరపడకండి. మురికినీళ్లు బయటకు పోవడం లేదని దాని అర్థం. చాలాసార్లు ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

మొదట డ్రెయిన్ పైపు మడత పడిందేమో, సింకు కింద కలిసేచోట జిడ్డు పేరుకుందేమో చూడండి. తర్వాత ప్లగ్గు తీసేసి, కింది ట్రే బయటపెట్టి, ఫిల్టర్ తిప్పి తీయండి. మన వంటిళ్లలో అన్నం మెతుకులు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు చేరేది అక్కడే. నిలిచిన నీళ్లు స్పాంజితో తోడేసి, పంపు మూతను చెంచాతో పైకి లేపి, లోపలి చిన్న చక్రానికి ఏదైనా అడ్డుపడిందేమో చూడండి. గాజుపెంకులు ఉండొచ్చు, చేయి జాగ్రత్త. మూత మళ్లీ టక్కుమని బిగుసుకోవాలి. సరిగ్గా కూర్చోకపోతే ఈ25 వస్తుంది.

ఈ15 మాత్రం వేరు. మిషన్ అడుగు పళ్లెంలోకి నీళ్లు చేరాయని చెబుతుందది. వెంటనే కుళాయి కట్టేసి సర్వీసు వాళ్లను పిలవండి. మిషన్‌ను వంచి ఆ నీళ్లు ఒంపేసే చిట్కా ఒకటుంది గానీ, నేను చెప్పను. కోడ్ పోతుంది, లీకు అలాగే ఉంటుంది.