ముందు మీ అన్నకు ఫోన్ చేయండి

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర పల్లె. మా అన్న ముప్పై ఏళ్ల కిందట ఇంగ్లండ్ పోయి అక్కడే పౌరుడయ్యాడు. ఆయన కొడుక్కి ఇరవై ఒక్కేళ్లు. అక్కడ ఆరో అంచె లీగులో ఫుట్‌బాల్ ఆడతాడు. వాడికి ఓసీఐ కార్డుంది (విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు), ఇండియా తరఫున ఆడాలంట. దానికి మా నాయన పుట్టిన సర్టిఫికెట్ కావాలని వాట్సాప్‌లో నన్ను అడుగుతున్నాడు. నాయన 1938లో ఇంట్లోనే పుట్టాడు, యాడా రాసి లేదు. ధర్మవరంలో ఒకాయన పాత తేదీతో సర్టిఫికెట్ చేయించి ఇస్తానంటున్నాడు. నాయన పోయి నాలుగేళ్లు. దివసాల రోజు భాగాల మాట వచ్చి అన్నకూ నాకూ మాటామాటా పెరిగింది, ఆ తర్వాత మాటల్లేవు. ఆరెకరాల మీద బోర్ల అప్పు నేనొక్కణ్ణే కడుతున్నా. ఈ కాగితం ఇస్తే రేపు భాగానికి వస్తాడని మా ఆవిడ భయం. అమ్మ నా దగ్గరే ఉంది. మావాడూ అనంతపురం ఆర్డీటీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడతాడు, వాణ్ణి అడిగినోళ్లు లేరు. కాగితం ఇవ్వమంటారా, వద్దంటారా?

జవాబు: ఇవ్వడం, ఇవ్వకపోవడం అన్న ప్రశ్నే లేదు. ఆ కాగితంతో వాళ్లకు పనే లేదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా. దాని నియమాల ప్రకారం కొత్తగా ఒక దేశానికి ఆడాలనుకునే వ్యక్తికి ముందు ఆ దేశ పౌరసత్వం ఉండాలి. దాంతోపాటు అతనో, అతని తల్లో తండ్రో, లేదంటే తాతో అవ్వో ఆ దేశంలో పుట్టి ఉండాలి. ఇవేవీ లేనివాళ్లకు అక్కడ కొన్నేళ్లు నివాసం ఉండాలన్న నియమం వర్తిస్తుంది. మీ అన్న ఇక్కడే పుట్టాడు కదా! పిల్లవాడికి తండ్రి పుట్టుక ఉండగా తాత పుట్టుక దాకా పోవడమెందుకు?

మరి తాతది ఎందుకడిగాడంటే, ఇంగ్లండులో కింది అంచెల్లో ఆడుతూ వేరే దేశాల జెర్సీ వేసుకునేవాళ్లలో చాలామందికి ఆ అర్హత తాత, అవ్వల వల్లే వస్తుంది. ఆటగాళ్ల మధ్యా ఏజెంట్ల నోటా అదే మాట నలుగుతుంటుంది. పిల్లవాడు విన్నది విన్నట్టు మిమ్మల్ని అడిగాడు. మీకూ మీ ఆవిడకూ మాత్రం అందులో పొలం కనిపించింది. మీరు అన్నతో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే ఈ ఉత్తరమే రాసేవారు కాదు.

పొలం సంగతి కూడా చెబుతాను. మీ నాయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆస్తిలో మీ అన్నకు భాగం ఆ రోజే వచ్చేసింది. మీ అమ్మకూ వచ్చింది. ఓసీఐ కార్డున్నవాళ్లు, విదేశీ పౌరులైన మనవాళ్లు ఇక్కడ సేద్యపు భూమి కొనకూడదు గానీ వారసత్వంగా పొందవచ్చు. కాబట్టి సర్టిఫికెట్ దాచినా మీ ఆరెకరాలకు అదనంగా వచ్చే రక్షణేమీ లేదు, ఇచ్చినా పోయేదేమీ లేదు. భాగం అడగదలిస్తే మీ అన్న దానికి కొడుకు ఫుట్‌బాల్‌ను అడ్డం పెట్టుకోనక్కర్లేదు.

ఆ పాత తేదీ సర్టిఫికెట్ మాత్రం ముట్టుకోకండి. అది చేయించి ఇస్తానన్న ధర్మవరం ఆయనతో మళ్లీ మాట్లాడకండి, డబ్బిచ్చి ఉంటే పోయిందనుకోండి. 2025 జూన్ 10న ఆసియా కప్ అర్హత పోటీలో మలేసియా వియత్నాంను 4-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో అర్జెంటీనా, బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్‌లలో పుట్టిన ఏడుగురు మలేసియాకు ఆడారు. వాళ్ల తాతో అవ్వో మలేసియాలో పుట్టినట్టు కాగితాలు పెట్టారు. ఫిఫా ఆయా దేశాల నుంచి అసలు రిజిస్టర్లు తెప్పిస్తే వాళ్ల పెద్దలు పుట్టింది వేరే చోట అని తేలింది. సెప్టెంబరులో ఫిఫా ఏడుగురికీ 12 నెలల నిషేధం వేసింది, ఆ దేశ ఫుట్‌బాల్ సంఘానికి 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. దొంగ కాగితం తయారుచేసింది ఎవరైనా, దెబ్బ తగిలేది మైదానంలో ఉన్నవాడికి. పైగా తప్పుడు సమాచారంతో తెచ్చుకున్న పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం కేంద్రానికి ఉంది. ఆ పాపం బాబాయి చేతుల మీదుగా జరగకూడదు.

కావాల్సింది మీ అన్న పుట్టుక ధ్రువీకరణ. ఆయన ఇంట్లో పుట్టి ఉంటే అదీ నమోదై ఉండకపోవచ్చు. ముందు పంచాయతీలోనూ తహసీల్దారు ఆఫీసు పాత రిజిస్టర్లలోనూ వెతికించండి. దొరక్కపోతే నమోదు లేదని రాతపూర్వకంగా తీసుకోండి. దాంతో సచివాలయంలోగానీ మీసేవలోగానీ ఆలస్యపు నమోదుకు దరఖాస్తు పెడితే విచారణ జరుగుతుంది. ఆర్డీవో ఉత్తర్వు వచ్చాకే సర్టిఫికెట్ ఇస్తారు. పదో తరగతి సర్టిఫికెట్, బడి టీసీ, రద్దయిన పాత ఇండియన్ పాస్‌పోర్టు, పౌరసత్వం వదులుకున్నప్పుడు ఇచ్చిన పత్రం జతచేయాలి. చివరి రెండూ మీ అన్న బీరువాలోనే ఉంటాయి. ఆయన ఒకప్పుడు భారత పౌరుడని చూపేవి అవే, కొడుకు పౌరసత్వ దరఖాస్తుకూ అవే ఆధారం. వీటికి మీ అమ్మ అఫిడవిట్ కూడా చేర్చాలి. మీ అన్నను కన్నది ఆమె, ఆ పుట్టుకకు అంతకు మించిన సాక్షి ఎవరున్నారు?

ఎక్కువగా పని చెడేది రెండు చోట్ల. మొదటిది పేరు. ఇక్కడి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. అక్కడి పాస్‌పోర్టులో పేరులోని చివరి ముక్క ఇంటిపేరు అయిపోతుంది, కొడుక్కీ అదే వస్తుంది. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ తయారుగా ఉంచుకోవాలి. రెండోది జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. పాత పాస్‌పోర్టులో అనంతపురం, కొత్త సర్టిఫికెట్లో సత్యసాయి అని ఉంటే బయటి దేశంలో కూర్చుని చూసేవాడికి అవి రెండు వేర్వేరు ఊళ్లు. తహసీల్దారు దగ్గర ఆ మార్పు గురించి ఒక పత్రం తీసుకోండి.

ఇన్ని కాగితాలు పంపినా పిల్లవాడు ఇండియాకు ఆడతాడన్న నమ్మకం లేదు. ఈ మాట అతనికి ఎవరో ఒకరు చెప్పాలి. మన దేశానికి ఆడాలంటే ఇండియన్ పాస్‌పోర్టు ఉండాలని 2008 నుంచి కేంద్రం గట్టిగా పట్టుకుంది. ఓసీఐ కార్డు చాలదు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటాయి. అందుకే ఇంగ్లండు నాలుగో అంచెలో ఆడిన ఓటిస్ ఖాన్ పాకిస్తాన్‌కు, లెస్టర్ సిటీ ఆటగాడు హంజా చౌదరి బంగ్లాదేశ్‌కు ఆడగలిగారు. హంజా మొదటి మ్యాచ్ 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన జట్టు మీదే. మనకు ఆ వీలు లేదు. అరాటా ఇజుమి 2006లో కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి వచ్చి, జపాన్ పౌరసత్వం వదులుకుని, 2013లో గానీ భారత జట్టుకు ఆడలేదు. బెంగళూరు ఎఫ్‌సీకి రెండేళ్లు ఆడాక 2025లో రయాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలి మన పౌరసత్వం తీసుకున్నాడు.

మీ అన్న ఒకప్పుడు ఇక్కడి పౌరుడు కాబట్టి, దరఖాస్తుకు ముందు పిల్లవాడు 12 నెలలు ఇండియాలో ఉంటే చాలు. మధ్యలో బయటికి పోవాల్సి వస్తే మొత్తం 30 రోజులకు మించి మినహాయింపు ఉండదు, అదీ కేంద్రం దయతలిస్తేనే. ఆ ఏడాదంతా క్లబ్బుల లెక్కలో అతను విదేశీ ఆటగాడే. మన దేశంలో పెద్ద లీగు ఐఎస్ఎల్, దాని క్లబ్బులకు విదేశీయుల కోటా చాలా తక్కువ. అందులో ఒకటి ఆరో అంచె కుర్రాడికి ఇస్తారా? ఆ అంచెలో చాలామంది పగలు ఉద్యోగం చేసి, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసుకు వచ్చి, శనివారం మ్యాచ్ ఆడేవాళ్లు. పైగా 2025 జులైలో ఐఎస్ఎల్ కొత్త సీజనే వాయిదా పడింది. బ్రిటిష్ పౌరసత్వం వదిలాక ఇక్కడ ఆట సాగకపోతే, ఆ అంచె క్లబ్బు విదేశీయుడికి వర్క్ పర్మిట్ తెచ్చిపెట్టలేదు. వేరే పౌరసత్వం కోసం వదులుకున్నవాళ్లకు బ్రిటిష్ చట్టం ఒక్కసారి దాన్ని తిరిగి ఇస్తుంది. అది తీసుకున్న రోజే ఇండియన్ పౌరసత్వం పోతుంది. ఇదంతా తెలిసీ వస్తానంటే రమ్మనండి. ఏడాది ఉండటానికి అతనికి ఊళ్లో ఇల్లుంది, అవ్వ ఉంది.

మీ అబ్బాయి సంగతి. వాడికి ఏ తాత సర్టిఫికెట్టూ అక్కర్లేదు, వాడు పుట్టుకతోనే అర్హుడు. వాడి జనన ధ్రువీకరణ, ఆధార్, బడి రికార్డుల్లో పుట్టిన తేదీ ఒక్కటేనా అని చూడండి. వయసు విభాగాల పోటీల్లో మన జిల్లాల పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఆ తేడా దగ్గరే. జాతీయ సమాఖ్య రిజిస్ట్రేషన్ వాడి పేరు మీద అయిందో లేదో కోచ్‌ను అడగండి. వాణ్ణి అన్న కొడుకుతో పోల్చే మాట ఇంట్లో వినపడనివ్వకండి. మీ ఉత్తరంలో ఆ పోలిక ఉంది, వాడి చెవిన ఇప్పటికే పడి ఉంటుంది.

ఇక మీ అన్న. నాలుగేళ్లుగా మీరిద్దరూ మాట్లాడుకోలేదు, ఇప్పుడు మీ మధ్య మాటలు మోయడానికి ఒక పిల్లవాణ్ణి పెట్టుకున్నారు. తప్పు ఇద్దరిదీ. పెద్దవాడు కొడుకుతో అడిగించడం తప్పు, ఆ పిల్లవాడికి తిన్నగా జవాబివ్వకుండా మీరు నాన్చడమూ తప్పే. దివసాల రోజు ఎవరు ముందు మాట జారారన్నది ఇప్పుడు తవ్వకండి. ఇంట్లో నాయన పటానికి దండ వేసి ఉన్న రోజున భాగాల మాట ఎవరెత్తినా అది ఆ రోజు అనాల్సిన మాట కాదు.

మీ బాధ న్యాయమైనదే. సేద్యం చేసి, అమ్మను చూసుకుని, బోర్ల అప్పు కట్టినవాడికి కోపం ఉంటుంది. ఆ కోపాన్ని లెక్కల్లో చూపండి. ఏ బోరు ఎప్పుడు వేశారు, ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా, ఎంత అప్పు తెచ్చారు, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఇంకెంత ఉంది, అమ్మ మందులకు నెలకెంత అవుతోంది. ఒక నోటు పుస్తకంలో రాయండి. రసీదులు లేనివాటికి లేవనే రాయండి. మీ ఆవిడ ముందు రాయండి, ఆమె భయానికీ మందు అదే. చెనక్కాయ పంట పోయిన ఏడాది అప్పు ఎలా పెరిగిందో ఇంగ్లండులో జీతం తీసుకునేవాడికి తనంతట తెలియదు. చూస్తేనే తెలుస్తుంది.

ఆదివారం సాయంత్రం ఐదింటికి చేయండి, అక్కడ అప్పటికి మధ్యాహ్నం అటూఇటూ. "అన్నా, నాయనది అవసరం లేదంట, నీ సర్టిఫికెట్ చాలంట, నీ పాత పాస్‌పోర్టు ఫొటో పంపు" అని మొదలుపెట్టండి. భాగం మాట ఆ రోజు ఎత్తకండి. ఆయన ఎత్తితే "లెక్క రాసి పంపిస్తా, చూసినాక మాట్లాడుకుందాం" అనండి. స్పీకరు పెట్టకండి, మీ ఆవిణ్ణీ అమ్మనూ పక్కన కూర్చోబెట్టుకోకండి. మొదటి ఫోను అన్నదమ్ములిద్దరి మధ్యే ఉండాలి. అమ్మ అఫిడవిట్ సంగతి ఆయన నోటితోనే అమ్మను అడగమనండి.