గుండెపోటు తర్వాత సానా నడకకు బదులవుతుందా? నా అనుభవం

మీ నాన్నగారికి స్టెంట్ వేసి ఐదు వారాలైందని, నడవమంటే ఆయాసమని భయపడుతున్నారని రాశారు. ఎవరో "సానాలో (చెమట పట్టేలా కూర్చునే వేడి గది) కూర్చుంటే నడిచినట్టే, గుండెకు ఆ పని దానంతట అదే జరిగిపోతుంది" అన్నారట. ఎడమ భుజం పట్టేసింది, దానికి వేడి కాపడం పెట్టొచ్చా అనీ అడిగారు. నేను డాక్టర్ని కానండీ. నాలుగేళ్ల కింద నాకూ గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ఈ సలహా నాకూ ఇచ్చారు. బుద్ధిగా పాటించాను కూడా.

అప్పటికి నాలుగో వారం. పడుకుని పడుకుని ఒళ్లంతా బిగుసుకుపోయింది. సానా ఎక్కడికో వెళ్లడం ఎందుకని బాత్రూమ్‌లోనే ఏర్పాటు చేసుకున్నాను. కిటికీ మూసి, గడియ వేసి, వేడి నీళ్ల షవర్ కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. అద్దం మీద ఆవిరి పట్టేసి నా మొహం నాకే కనిపించడం లేదు. నిజం చెప్పాలంటే ఆ నెల రోజుల్లో అంత హాయి ఎప్పుడూ లేదు. పావుగంట తర్వాత లేచి నిలబడ్డాను. అంతే, కళ్ల ముందు చీకటి. కుళాయి పట్టుకోబోతే సబ్బుపెట్టె కింద పడింది. ఆ చప్పుడుకు మా ఆవిడ తలుపు బాదడం మొదలుపెట్టింది. గడియ తీయాలంటే లేవాలి, లేస్తే మళ్లీ తల తిరుగుతోంది. చివరికి నేల మీద కూర్చునే చెయ్యి పైకి చాచి ఎలాగో లాగాను. బయటికొచ్చాక చూస్తే పై బీపీ 84.

జరిగిందేమిటో తర్వాత డాక్టర్ చెప్పారు. ఒంటికి వేడి తగలగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం అటు మళ్లుతుంది, బీపీ పడిపోతుంది. దాన్ని సర్దడానికి గుండె వేగం పెంచుతుంది. సానాలో నిమిషానికి 100 దాటడం మామూలే, కొందరికి 150 దాకా వెళుతుంది. సానా అంటే వ్యాయామమే అనే మాట ఇక్కడే పుట్టింది. కానీ గుండెపోటు తర్వాత చాలామందికి బీటా బ్లాకర్ రాస్తారు. గుండెను వేగంగా కొట్టుకోనివ్వకపోవడమే దాని పని. నేనైతే ఆ ఉదయం అదీ, బీపీ మాత్రా, ఒంట్లో నీరు లాగే మాత్రా మూడూ వేసుకుని వెళ్లి కూర్చున్నాను. ఒకపక్క బీపీ పడుతోంది, చెమట పోతోంది, గుండె చూస్తే వేగం అందుకోలేకపోతోంది. పడక ఏం చేస్తాను?

ఇంకో తేడా ఉంది, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. నడుస్తున్నప్పుడు శరీరం ముందే చెబుతుంది. ఆయాసం వస్తుంది, కాళ్లు లాగుతాయి, ఆగిపోతాం. వేడిలో అలా కాదు, కూర్చున్నంతసేపూ హాయిగానే ఉంటుంది. లేచాకే తెలుస్తుంది. పైగా నడకలో కాలి కండరాలు పని నేర్చుకుంటాయి. అందిన రక్తంలోంచి ఆక్సిజన్‌ను బాగా లాక్కోవడం వాటికి అలవాటవుతుంది. కొన్నాళ్లకు అదే మెట్లు ఎక్కడానికి గుండె మునుపటంత కష్టపడక్కర్లేదు. స్టూలు మీద కూర్చున్నవాడి పిక్కలు ఏం నేర్చుకుంటాయి చెప్పండి.

సానా మంచిదని చెప్పే అధ్యయనాలు లేకపోలేదు. ఫిన్లాండ్‌లో 2,300 మందికి పైగా మధ్యవయసు మగవాళ్లను ఇరవై ఏళ్ల పాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారానికి ఒక్కసారి వెళ్లేవాళ్ల కంటే నాలుగు నుంచి ఏడు సార్లు వెళ్లేవాళ్లలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం 63 శాతం తక్కువగా కనిపించింది. అయితే వాళ్లు చిన్నప్పటి నుంచీ సానా అలవాటున్నవాళ్లు. పైగా ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే అన్నిసార్లు వెళ్లగలరు కదా, అందుకని ఫలితమంతా సానాదే అనలేం. జపాన్‌లో వావోన్ థెరపీ అని ఒకటుంది, గుండె బలహీనపడ్డ రోగుల కోసం పుట్టింది. 60 డిగ్రీల పొడి వేడిలో 15 నిమిషాలు, ఆ తర్వాత అరగంట దుప్పటి కప్పి పడుకోబెడతారు. పోయిన చెమటకు తగ్గట్టు నీళ్లు తాగిస్తారు. ఇదంతా డాక్టర్ల కళ్ల ముందే. నా బాత్రూమ్ ప్రయోగానికీ దీనికీ పోలికే లేదు.

ఇక నడక సంగతి. నాన్నగారిని కార్డియాక్ రిహాబ్‌కు, అంటే గుండె రోగులకు ఆస్పత్రి వాళ్లు దగ్గరుండి వ్యాయామం చేయించే కార్యక్రమానికి, పంపగలరేమో ముందు కనుక్కోండి. నేను వారానికి మూడు రోజుల చొప్పున 12 వారాలు వెళ్లాను. మొదటిరోజు వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ ఆరు నిమిషాలు నడిపించి దూరం కొలిచారు. 290 మీటర్లు. సిగ్గేసింది. తర్వాత ఛాతీకి వైర్లు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. నేను కాళ్ల వైపు చూడటం మానేసి స్క్రీన్ మీద ఎగిరే గీతనే చూస్తున్నాను, ఒక్క గీత తేడాగా వచ్చినా గుండె జారిపోయేది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి రెండు రోజులు చూసి, మూడోరోజు స్క్రీన్‌ను తన వైపు తిప్పేసుకుంది. "ఇది చూడటం నా పని, నడవడం మీ పని" అంది. నా భయం సగం ఆరోజే పోయింది.

ఎంత వేగంగా నడవాలో తెలియడానికి నాడి లెక్కలు పెట్టుకోవద్దంది. బీటా బ్లాకర్ వాడేవాళ్లకు గుండె గరిష్ఠంగా ఎంత వేగం కొట్టుకోవచ్చో చూడటానికి 220లోంచి వయసు తీసేసే లెక్క పనికిరాదు. దాని బదులు బోర్గ్ స్కేలు అని 6 నుంచి 20 దాకా అంకెలున్న కాగితం గోడకు అంటించారు, ఎంత కష్టంగా ఉందో మనమే అంకె చెప్పాలి. నన్ను 11, 13 మధ్య ఉండమన్నారు. ఇంట్లో అయితే ఇంకా తేలిక: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చివర్లో టక్కున ఆగకూడదు, ఐదు పది నిమిషాలు మెల్లగా నడిచి ఆగాలి. లేకపోతే కాళ్లలోకి దిగిన రక్తం అక్కడే నిలిచిపోయి తల తిరుగుతుంది. బాత్రూమ్‌లో నాకు జరిగింది కాస్త ఇలాంటిదే. పన్నెండో వారంలో అదే వరండాలో 455 మీటర్లు నడిచాను.

భుజం గురించి. ఎడమ భుజం కాబట్టి కాపడానికి ముందు డాక్టర్‌కు ఒక మాట చెప్పండి. కండరం పట్టేస్తే సాధారణంగా చెయ్యి తిప్పినప్పుడు, అక్కడ నొక్కినప్పుడు నొప్పి వస్తుంది. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని మాత్రం భుజం నొప్పి అనుకోవద్దు. ఛాతీలో బరువుగా అనిపించినా, చెమటలు పట్టినా వేడినీళ్ల సంచి పెట్టుకుని చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కండరమే అని తేలితే గుడ్డ చుట్టిన సంచితో పది, పదిహేను నిమిషాలు పెట్టొచ్చని నాకు చెప్పారు. దానివల్ల స్టెంట్ వేడెక్కదు, ఆ భయం వద్దు. షుగర్ ఉంటే స్పర్శ తగ్గి కాలినా తెలియదు, ఒకసారి మీ చేత్తో వేడి చూడండి. ఒంటికి నైట్రేట్ ప్యాచ్ (గుండె నొప్పి మందును చర్మం ద్వారా ఎక్కించే పట్టీ) అంటించి ఉంటే మాత్రం దాని దగ్గర వేడి పెట్టొద్దు, మందు ఒక్కసారిగా ఎక్కువ ఒంట్లోకి వెళుతుంది.

నేను మూడు నెలలు దాటాక, ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యి డాక్టర్ సరేనన్నాకే మళ్లీ సానాకు వెళ్లాను. పది నిమిషాలు, కింది మెట్టు మీద, అదీ మనిషి తోడుగా. బయటికి రాగానే చన్నీళ్లలో దూకే సరదా నాకొద్దు, వెడల్పయిన నాళాలన్నీ ఒక్కసారి ముడుచుకుని బీపీ పైకి లేస్తుంది. ఇంట్లో షవర్ గోరువెచ్చగానే. గడియ వేసుకునే అవకాశం కూడా లేదు లెండి, నేను బాత్రూమ్‌లో పడ్డ వారమే మా ఆవిడ దాన్ని స్క్రూలతో సహా ఊడదీయించేసింది.